అవ్వ పేరు చెప్పని మందు

మందమర్రి, 12 ఆగస్టు 1983, శుక్రవారం

పక్క క్వార్టర్ సరోజనకు పసిరికలు అయ్యాయి. కండ్లు పచ్చగా ఉన్నాయి. పొద్దున ఆస్పత్రికి వెళ్ళొచ్చి, అవ్వ ఇచ్చే ఆకుమందు కూడా కావాలని మా ఇంటికి వచ్చింది. అవ్వ ఎప్పటిలాగే ఒక్కతే గుట్ట కిందికి పోయి, ఆకు కొంగులో దాచుకొని తెచ్చింది. ఆ మందు పేరు ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

నూరబోతుంటే చూశాను. ఆకుల కింద వరుసగా ఉండాల్సిన చిన్న కాయలు లేవు.

“అవ్వా, గిది నేల ఉసిరి కాదు.”

అవ్వ చెయ్యి ఆగిపోయింది. “నీకెట్ల ఎరుక?”

“చిన్నప్పటి సంది నువ్వు నూరుతుంటే నీ ఎనక ఉండి సూస్తనే ఉన్న.”

తిడుతుందనుకున్నాను. కూలబడింది. “కండ్లు మసకైనయి బిడ్డా. ఎవలకు చెప్పలే.”

ఇద్దరం మళ్ళీ గుట్టకు పోయాం. నేను తెంపాను. ఆమె నూరి, మజ్జిగలో కలిపి సరోజనకు ఇచ్చింది. తర్వాత నాతో, “పేరు మాత్రం చెప్పకు, గుణం పోతది” అంది. నేను మాట ఇవ్వలేదు.

రేపు సరోజన వచ్చినప్పుడు మొక్కను ఆమె చేతిలో పెట్టి పేరు చెప్తాను, అవ్వ ముందే. నిజంగానే గుణం పోతుందేమోనని నాకూ భయంగానే ఉంది. అయినా చెప్తాను. ఈ రోజు నేను చూడకపోయి ఉంటే సరోజన ఏం తాగేదో...