సోమవారం పాఠం

అల్ నహ్దా, షార్జా

మామయ్యా,

మొదటి ప్రపంచయుద్ధం తర్వాతి అమెరికా పాఠాన్ని మార్చి చెప్పమని నిన్న ఫోనులో గట్టిగానే అన్నారు. "ప్రభుత్వం వ్యాపారుల జోలికి వెళ్ళకపోబట్టే ఆ దేశం బాగుపడిందమ్మా. అది చెప్పు చాలు, ఖలాస్" అన్నారు.

అదీ క్లాసులో ముందే చెప్పాను. ఇంటింటికీ కార్లు, రేడియోలు వచ్చాయన్నాను. ఎదురుతిరిగిన గని కార్మికుల మీదికి సైన్యాన్ని పంపారని కూడా చెప్పాను. అది విని మీ అమ్మాయి సంజన ఇంటికొచ్చి, మన కంపెనీ పనివాళ్ళు వెళ్ళే లేబర్ బస్సులో ఏసీ ఎందుకు పనిచేయదని మిమ్మల్ని అడిగింది. దానికి జవాబు మీరే చెప్పాలి.

ఈ టీచరు ఉద్యోగం ఇప్పించింది మీరే, కాదనను. పోతే పోనీయండి. పాఠం మార్చను.

సోమవారం అమెరికా షేర్ మార్కెట్ కుప్పకూలిన భాగం చెబుతున్నాను. సంజనను తప్పకుండా పంపండి.

మీ మేనకోడలు