అంబాసిడర్‌కే తొలి బంగారం

ఏమయ్యా,

నువ్వు పోయినప్పటి నుంచి షెడ్డులోనే ఉన్న నీ అంబాసిడర్‌ను ఈరోజు వాకిట్లోకి తోయించాను. దసరా పూజకు అది నడవాలని మన బిడ్డ పట్టుబట్టింది. ఏటా బంగారమని జమ్మి ఆకు తెచ్చి, తొలి బంగారం దాని వైపర్ కింద పెట్టేవాడివి. ఆ తర్వాతే నా చేతిలో పెట్టేవాడివి. నేనేమీ మరచిపోలేదు.

కోరుట్ల నుంచి మెకానిక్ సత్తయ్య వచ్చాడు. ట్యాంకు అడుగున నట్టు విప్పితే పెట్రోలు డికాషన్ రంగులో కారింది, వార్నిష్‌లా కంపు కొట్టింది.

"గీ పెట్రోల్ పాడైందమ్మా. గిట్లనే స్టార్ట్ చేస్తే ఇంజన్ ఖరాబైతది," అన్నాడు.

ఇన్నాళ్లూ రుద్రంగిలో అందరిదీ ఒకటే మాట: "పటేల్ పోయినంక కారు గుడ పానం ఇడిసింది." నా గురించి ఒక్కరూ అట్లా అనలేదు. నేను వండుకుని తింటున్నాను కదా.

సత్తయ్య ట్యాంకు కడిగి, కార్బురేటర్ తుడిచి, వేరే బ్యాటరీ బిగించి, కొత్త పెట్రోలు పోసి తాళం తిప్పాడు. రెండోసారికే స్టార్టయింది.

చూశావా నీ ముద్దుల కారును? కాస్త కొత్త పెట్రోలు పడగానే పరాయి చేతికి పలికింది.

ఈ దసరాకు తొలి బంగారం నాదే. నా చేతిలో నేనే పెట్టుకుంటాను.