బానెట్ జారిందన్న మాట

చిరంజీవి చెల్లాయికి అన్నయ్య దీవెనలు. మీ ఆయన కుడిచెయ్యి మినహా ఇక్కడ అందరం క్షేమం. మీ వదినకు దగ్గు తగ్గింది. పిన్ని దగ్గర కంటినిండా నిద్రపోతున్నానని నువ్వు రాసిన ముక్కను ఆమె నా చేత రెండోసారి చదివించుకుంది.

నీ ప్రశ్నలకు జవాబు చెప్పేముందు జరిగినది వరుసగా రాస్తాను.

1. షెడ్డుకు ఒక పాత కారు వచ్చింది. వయసులో నాకన్నా పెద్దది. బానెట్‌ను వెనక పట్టి ఉంచే కీళ్ల బోల్టులు తుప్పుతో బిగుసుకుపోయాయి. అన్నీ తీసి కొత్తవి వేయాలి.

2. ఎడమ కీలు బోల్టులకు నూనె పట్టించి, మంటతో కాచి, వెంట్రుకవాసి బిగించి, వెంట్రుకవాసి వదులుచేసి బయటికి రప్పించాను.

3. కుడి కీలు దగ్గర ఉండగా మీ ఆయన వచ్చాడు, నిన్ను వెనక్కి పంపమని చెప్పడానికి. ఒక పక్క పట్టు లేక బానెట్ మెలి తిరుగుతుంటే, నిలబెట్టే కడ్డీ తీసేసి బరువంతా భుజం మీద మోస్తున్నాను.

4. ఒక బోల్టు తల అరిగిపోయి స్పానర్ పట్టడం లేదు. ఆయన నా సుత్తీ ఉలీ అందుకున్నాడు. వద్దన్నాను. కొట్టాడు. తల తెగి ఇంజన్ పక్కన పడింది. తీయడానికి లోపలికి చెయ్యి పెట్టాడు.

5. బానెట్ పడింది. మణికట్టు దగ్గర ఎముకలు విరిగాయి.

ఆయన నీకు రాయించి పంపిందీ ఇదే. ప్రతి నట్టునూ తిరిగి చూసుకునే నా చేతిలోంచి అది ఎలా జారిందని అడిగావు. జారలేదమ్మా. నువ్వు మెట్ల మీద జారనట్టే, అదీ జారలేదు.

బోల్టు తల తెగినప్పుడు ఆయన నవ్వాడు. "మెత్తగా అడిగితే ఏదీ కదలదు బావా. మీ చెల్లెలూ అంతే. పన్ను ఊడాక చూడాల్సింది, వారం రోజులు ఎంత బుద్ధిగా ఉందో" అన్నాడు.

నేను భుజం తీసేశాను.

ఎముక విరిగిన చప్పుడు విన్నాను. ఎత్తలేదు. మోచేతులు రెండూ రేకు మీద ఆనించి ఒళ్లంతా బరువు వేశాను. అరుపు ఆగిపోయి, ఆయన గొంతు గరగరమనే దాకా నొక్కే ఉంచాను. రేకు అంచు వెంట రక్తం కారి నా చెప్పుల మీద పడింది. ఆ కాసేపూ నాకు హాయిగా ఉంది. ఈ ఒక్క వాక్యం రాయలేక ఇన్నాళ్లు నీకు ఉత్తరం రాయలేదు.

ఆయనకు తెలుసు. రేకు పక్క నుంచి నా మొహంలోకి చూస్తూనే ఉన్నాడు. అయినా ఆస్పత్రిలో జారిందనే రాయించాడు. నర్సు అటు వెళ్లగానే నా చొక్కా పట్టి దగ్గరికి లాక్కున్నాడు. "ఇప్పుడొస్తుందిలే బావా. బొత్తాలు పెట్టడానికైనా మనిషి కావాలిగా."

సంచి సర్దుకున్నానని, ఈ స్థితిలో మనిషిని వదిలేస్తే తప్పని రాశావు. ఆ చెయ్యి విరిచినవాణ్ని నేను. దానికి సేవ చేయడం నీ వంతు కాకూడదు. ఈ ఉత్తరం పోలీసులకు చూపించినా కాదనను. నన్ను ఇక అన్నయ్యా అని పిలవకపోయినా పడతాను. సంచి మాత్రం విప్పెయ్యి.

రోజూ పొద్దున్నే ఆయన దగ్గరికి నేనే వెళ్తున్నాను. స్నానానికి నీళ్లు తోడుతున్నాను, చొక్కా తొడుగుతున్నాను. మెడ దగ్గరి బొత్తాం పెట్టేటప్పుడు నా వేళ్లు ఆయన గొంతుకు తగులుతాయి. ఇద్దరం ఊపిరి బిగబట్టుకుంటాం. బొత్తాం పెట్టి, చెయ్యి తీసుకుని, బయటికి వస్తున్నాను. ఎముక అతికే దాకా రోజూ ఇలాగే బయటికి వస్తాను.

ఏడు కావస్తోంది. బయల్దేరాలి.

ఇట్లు,
నీ పెద్దన్నయ్య