మంచు ఫోటోల్లో నేను లేను

ఆదివారం రాత్రి, కర్నూలు

ఢిల్లీలో, సిమ్లాలో తీసిన ఫోటోలను ఇవాళ టీవీలో పెట్టి ఇంట్లో వాళ్లకు చూపించాను. ఢిల్లీ వీధులను ఎవరూ పట్టించుకోలేదు. మంచు మొదలయ్యాక అమ్మ టీవీకి దగ్గరగా జరిగింది. దుకాణం మెట్ల మీద మంచు ఊడుస్తున్న ముసలావిడను చాలాసేపు చూసింది.

అన్నకే నచ్చలేదు. "ఇన్నిట్లో నువ్వు యాడుండావు? ఒక్కదాంట్లోనూ లేవే! ఇట్లాంటివి ఫోన్లో శానా దొరుకుతాయి. వీటికోసం అంత దూరం పోవాల్నా?" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఆ మెట్ల ముందు నా వేళ్లు కొయ్యబారిపోయి కెమెరా బటన్ నొక్కలేకపోతే, ఆ ముసలావిడే నా చేతులు పట్టుకుని తన కుంపటి దగ్గరికి లాగింది. అది ఏ ఫోన్లో దొరుకుతుంది?

"కెమెరా నా చేతిలో ఉంటే ఫోటోలో నేనెట్ల పడతానన్నా? జనవరిలో కాశ్మీరు పోతాండా. ఆ ఫోటోల్లోనూ ఉండను," అన్నాను.

"ఎవురితో?"

"ఒక్కదాన్నే."

అన్న లేచి వెళ్లిపోయాడు. అమ్మ మాత్రం, "ఆడ ఇంకా చలంట గదా, చేతులకు మందంగా ఏమన్నా కొనుక్కో," అంది.

నిజానికి ఆ మాట నోట్లోంచి వచ్చేదాకా కాశ్మీరు ఆలోచనే నాకు లేదు. ఇప్పుడు తలుచుకుంటే భయంగానే ఉంది. అయినా పోతాను.