సర్వే నంబరు 214, బీడు

ఆగస్టు 11, సోమవారం

మండల ప్రొఫైల్ పని మొదలైంది. ఊరూరూ తిరిగి జనం ఎందరు, పంటలేమిటి, బోర్లెన్ని, బెంగళూరుకు వలస పోయిందెవరు అని ట్యాబ్‌లో ఎక్కించాలి. మూడు నెలల కాంట్రాక్టు. బీఎస్సీ పాసై ఏడాదిగా కంబదూరులో నాయన కిరాణా అంగట్లో కూర్చుని పిచ్చెక్కిపోయింది. దీనికంటే ఎండే నయం.

మొదటి ఊరు నల్లగుండ్లపల్లె. నూట ఎనభై ఇండ్లు. ఇరవై ఆరింటికి తాళాలు. బోరున్న నలుగురికి చీనీ తోటలు. మిగతా వాళ్లందరిదీ వాన మీద పంటే. వేరుశనగ, మధ్యమధ్య కంది.

ఆగస్టు 13

ఒక్క రోజులో నలభై ఒక్క ఫారాలు! సూపర్‌వైజర్ శశికుమార్ గ్రూపులో థంబ్స్ అప్ పెట్టాడు. చేనికి పోయి కళ్లతో చూసి రాయాలని రూలు. నేను పాలకేంద్రం అరుగు మీదే కూర్చుని, వచ్చినవాళ్లను అడిగి రాసేశాను.

ఆగస్టు 22, శుక్రవారం

ప్రొఫైల్‌లో బీడు అని పడిన నంబర్లన్నీ సోలార్ కంపెనీకిచ్చే లిస్టులోకి పోతాయట. మాకెవరూ చెప్పలేదు.

నల్లగుండ్లపల్లెలో ఒకటే నంబరు. 214, మూడెకరాలు, చౌడమ్మ. ఆమెకు ప్రభుత్వమిచ్చిన డి-పట్టా భూమి. బీడు పెట్టుకుందంటే వెనక్కి తీసుకుంటారు. 29న గ్రామసభ. అభ్యంతరం ఆ రోజే చెప్పుకోవాలి.

ఆమె గుర్తుంది. నెత్తిన గడ్డిమోపు దించకుండానే నిలబడింది. చేన్లో ఏముంది అంటే, ఏముండాదిమ్మా, ఏమీ లేదు, బీడు పడినట్లుండాది అన్నది. బీడు నొక్కేశాను.

ఆగస్టు 23

214కి పోయాను. వేరుశనగ పచ్చగా కమ్ముకుని ఉంది. పూత దాటి ఊడలు మట్టిలోకి దిగుతున్నాయి. పదకొండు సాళ్లకొక అక్కిడి సాలు, అందులో కంది, అలసంద, ఆముదం కలిపి చల్లింది. గట్టు పొడుగునా జొన్న.

చౌడమ్మ కలుపు తీస్తోంది. ఇంత పంట పెట్టుకుని ఏమీ లేదంటావా అని అరిచాను. ఆమె గబగబా వచ్చి నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. అట్లనగూడదు పాపా, ఇంటికొచ్చినాక గదా అది పంట, చేన్లో ఉన్నేదాన్ని ఉండాదని ఎవరన్నా అంటారా అన్నది.

భూమి పోతుందని చెప్పాను. ఆమె చేతిలోని దోకుడుపార జారిపోయింది. దాన్ని తీసుకుని మన్ను దులిపింది. తర్వాత, రాసింది నువ్వు, కొట్టేసేదీ నువ్వే అని మళ్లీ కలుపుకు వంగింది.

సాయంత్రం 6

ఇంటికొచ్చేసరికి అంగడి ముందర తొమ్మిదిమంది నిలబడి ఉన్నారు. ఒకాయన, యాపారం ఎట్లుండాది మల్లికార్జునయ్యా అని అడిగాడు. చక్కెర పొట్లం కట్టే చెయ్యి ఆపకుండానే నాయన, యాడిది లేప్పా, ఈగలు తోలుకుంటాండాము అన్నాడు.

ఇరవై రెండేండ్లుగా ఈ మాట వింటూనే ఉన్నాను. బీడు ఎలా నొక్కాను?

ఆగస్టు 25

శశికుమార్‌ను కలిశాను. ఫోటోలిప్పుడు యాప్ తీసుకోదు. రెండే దార్లు. చౌడమ్మ సభలో తన నోటితో పంట ఉందని చెప్పాలి, లేదంటే నేను చూడకుండా రాశానని సంతకం పెట్టాలి. సంతకం పెడితే నీ పని పోతాది కల్పనా, ఆమెతోనే చెప్పించుకో అన్నాడు.

చెప్పిస్తాను.

ఆగస్టు 28

మూడు రోజులుగా చౌడమ్మకు ట్రైనింగ్. ఒకే ముక్క: సార్, నా చేన్లో శనక్కాయ బాగుండాది. నా చేన్లో దాకా వచ్చి ఆగిపోతుంది. ఏందో ఉండాదిలే సార్ అంటా, సాలదా అంటుంది. చాలదన్నాను. పక్క చేని గంగప్ప గట్టు మీద కూర్చుని, మొగుని పేరు చెప్పమన్నట్ల సిగ్గుపడతాండావే చౌడక్కా అని ఒకటే నవ్వు. ఆమె మట్టిగడ్డ తీసి విసిరింది.

ఆగస్టు 29

గ్రామసభ. మండలాఫీసు నుంచి వచ్చిన పెద్దసారు అడిగాడు, ఏమ్మా, నీ చేన్లో ఏముంది అని. చౌడమ్మ లేచింది. కొంగు సర్దుకుంది. నా వైపు చూసింది.

ఏముండాది సార్, ఏమీ లేదు అన్నది.

జనం గొల్లున నవ్వారు. సారు పెన్ను తీశాడు.

నేను లేచాను. మూడెకరాల వేరుశనగ, చెట్టుకు ముప్పై ఊడలు, కంది నడుమెత్తు, ఈ ఊర్లో ఇలాంటి పంట ఇంకొకటి లేదు, చూడకుండా బీడని రాసింది నేనే అని గట్టిగా చెప్పాను. సంతకం పెట్టాను. సారు 214 కొట్టేశాడు.

నేను చెప్పినంతసేపూ చౌడమ్మ రెండు చెవులూ మూసుకుని ఉంది. బయటికి రాగానే విరుచుకుపడింది. భూమి నిలబెట్టినావు, సరే. అంతమందిలో ముప్పై ఊడలని లెక్క జెప్తావా, నీ నోట్లో మన్నుబడ! ఆ చున్నీ ఇట్లియ్యి అన్నది. ఇచ్చాను. మెడలోది గూడా అన్నది. ఐడీ కార్డు. ఇంక నాకెందుకది? తీసిచ్చేశాను.

సెప్టెంబరు 1

ఆర్డర్ వచ్చింది. పని పోయింది.

అరుగు మీద కూర్చుని రాసిన ఫారాలు ఇంకా నలభై ఉన్నాయి. జీతం లేకపోయినా అన్ని చేలూ తిరిగి సరిచేసిస్తానని శశికుమార్‌కు మెసేజ్ పెట్టాను. నీకేమన్నా పిచ్చా అని రిప్లై. రేపు ఏడింటి బస్సు.

సెప్టెంబరు 4

బస్సు కిటికీలోంచి చూశాను. 214 నడుమ కొత్తగా దిష్టిబొమ్మ. కుండ తల, నా నీలం చున్నీ, మెడలో నా ఫోటో ఉన్న కార్డు.

చుట్టూ పంట ఎలా ఉందో రాయను.