మీరు తాంబూలం పుచ్చుకున్న నేల

ఏమండీ,

మీరు వెళ్ళిపోయి తొమ్మిది నెలలు దాటింది. నేను బాగానే ఉన్నాను. బీపీ మాత్ర మానలేదు.

మన పల్లపు చెక్క సంగతి చెప్పాలి. కొల్లేటి అంచున ఏడాది పొడుగునా తుంగ, నీళ్ళు తప్ప ఏమీ ఉండని ఆ నేలని చూసి ఊరంతా నవ్వేది. మీరేమో హైస్కూలు పిల్లల్ని తీసుకొచ్చి గట్టు మీద నిలబెట్టి సైన్సు పాఠం చెప్పేవారు. “ఇది ఉత్త మట్టి కాదర్రా, వేల ఏళ్ళ తుంగ. నీళ్ళ కింద ఉంది కాబట్టి పూర్తిగా కుళ్ళలేదు, కార్బన్‌ని కడుపులో దాచుకుంది. ఎండిపోయిందా... బొగ్గుపులుసు వాయువై గాలిలో కలిసిపోద్ది.” క్యారేజీ పట్టుకుని పక్కన నిలబడి వినేదాన్ని. పిల్లలకంటే నేనే ఎక్కువ నమ్మాను.

మీ పెద్దకర్మ అయిన వారానికి పొక్లెయిన్ వచ్చింది. అడ్డం వెళ్ళాను. చేపల చెరువుల సత్యంగారు నొచ్చుకున్నారు. నిరుటి దసరాకి వాళ్ళ అరుగు మీద, నలుగురి ముందు, ఆ నేల చెరువుకిస్తానని మీరు తాంబూలం పుచ్చుకున్నారట! ఈ ఊళ్ళో తాంబూలం పుచ్చుకున్నాక ఇక మాటేముంది? అందరికీ తెలుసు... నాకు తప్ప. ఆ పూట ఇంటికొచ్చి నా చేతి పులుసు తిన్నారు కదా, ఒక్క ముక్క చెప్పడానికి నోరు రాలేదా?

సగం తవ్వారు. మిగతా సగంలో నీళ్ళు పోవడానికి గండి కొట్టారు. తవ్విన నల్లమట్టిని గట్లుగా పోశారు. ఈ ఏటి ఎండలు మీరు చూడలేదు... రోహిణి కార్తెలో ఎవరో తుంగ దుబ్బులు తగలబెడితే నిప్పు గట్టు లోపలికి దిగింది. మంట లేదు, పొగే. బిందెలతో పోసినా ఆరలేదు. తొలకరి కూడా ఆలస్యమైంది. మీరు చెప్పిందంతా నిజమేనండీ. అదే నాకు కడుపుమంట.

అంత తెలిసి ఎందుకిచ్చారు? అందరూ నవ్వుతుంటే సిగ్గేసిందా? విసిగిపోయారా?

వానలకి దిగబడుతుందని పొక్లెయిన్ ఆపారు. దీపావళి కాగానే మళ్ళీ దింపుతారట. నిన్న తాంబూలం పళ్ళెం తీసుకెళ్ళి, మీరు పుచ్చుకున్నది వెనక్కిచ్చేస్తున్నానని సత్యంగారి అరుగు మీద పెట్టి వచ్చాను. పోయినవాడి మాట పెళ్ళామే తప్పించిందని ఊళ్ళో అంటున్నారు. అననివ్వండి.

రేపు గండి పూడ్పిస్తాను. కూలీలు రాకపోతే తట్ట నేనే ఎత్తుతాను. మిగిలిన సగాన్ని ఎండనివ్వను. మీ ఆబ్దికం కూడా ఏ లోటూ లేకుండా జరిపిస్తాను.

క్షమించడం మాత్రం... నా వల్ల కాదండీ.

మీ వరం