పాలలో పసుపు మంట

కార్వాన్,
ఫసలీ 1352, బహమన్ మాసం.

సర్కారు పాల పరీక్షశాల నాజిం సాహెబు గారి సముఖమునకు, కార్వాన్ పాల వ్యాపారి దుర్గయ్య సలాములతో సమర్పించుకున్న అర్జీ.

విషయం: నా పాలలో సోడా ఉన్నదని మంట చెప్పిన సాక్ష్యమును కొట్టివేసి, పాల పట్టా తిరిగి ఇప్పించుట గురించి.

అయ్యా,

పాలు విరగకుండా నేను తినే సోడా కలుపుచున్నానని తమ కచేరీ తేల్చి, నా పట్టా ఆపివేసినది. దవాఖానకు పాలు పోయవద్దన్నారు. బస్తీ పిల్లలు సైతం నన్ను 'సోడా దుర్గయ్య' అనుచున్నారు. పట్టా సంగతి బర్రెలకు తెలియదు గనుక అవి యథావిధిగా చేపుచున్నవి. ఆ పాలు కొనే దిక్కు లేదు. కావున నా అనుమానములు మనవి చేయుచున్నాను.

1. తమ సారు ఒకరు మా ఇంటికి వచ్చి, నా సంతకము తీసుకొని, సీసాలో పట్టుకుపోయిన నా పాలను తమ పరీక్షకుడు మాడ్చి, బూడిద చేసి, ఆ బూడిదను తీగ కొనకు అద్ది గ్యాసు మంటలో పెట్టినారట. మంట బాగా పసుపుపచ్చగా మండినదట. గొట్టములోంచి చూచి 'సోడా' అన్నారట. పాలను నాలుకతో చూడవలెను గాని గొట్టముతో చూచుట ఎక్కడి న్యాయము?

2. మాదన్నపేట రామ్‌చందర్ సేఠ్ పాలను మాత్రం మంటలో పెట్టక, కరెంటు మెరుపులో కాల్చినారని విన్నాను. ఆయన పాలు శుద్ధమని తేలినవి. సేఠ్‌కు మెరుపు, నాకు మంట ఎందుకు? ఎవరికి ఏదని నిర్ణయించినది ఎవరు?

3. ఆ తీగను నాకన్న ముందు ఎవరి బూడిదలో ముంచినారో, కడిగినారో లేదో నాకు చూపలేదు. తమ కచేరీ జవాను కొండల్ మా బస్తీవాడే. అతడు నాతో, "దుర్గన్నా, గా తీగకు చెమట చెయ్యి తాకినా మంట పసుపైతది. జర పైలం" అన్నాడు. నా మేలు కోరి అన్నాడా, ఎవరైనా అనిపించినారా, అదియును విచారించవలెను.

4. గ్యాసు మీద కూడా నాకు నమ్మకము లేదు.

అయ్యా, నిద్ర పట్టుట లేదు. బావమరిదిని అనుమానించినాను, గడ్డి అమ్మేవాణ్ణి అనుమానించినాను, నిన్నటి నుంచి కొత్త బర్రెను కూడా అదోలా చూస్తున్నాను. నేను సోడా కలిపి ఉంటే నా చేతులు పడిపోవాలె!

మళ్ళీ పరీక్ష చేయించి పట్టా ఇప్పిస్తారని, ఈ గరీబు మొరను కోపము లేని వేళ చిత్తగించవలెనని వేడుకొను,

ఇంకను పాలవాడే అయిన తమ విధేయుడు,
దుర్గయ్య

తా.క.: అర్జీని నా భార్య బాలమ్మకు చదివి వినిపించినాను. మూడవ అనుమానము దగ్గర ఆపి, "ఉప్పుకు గూడ మంట పసుపైతదా?" అని అడిగినది. "చెమటల ఉండేది ఉప్పే గదనే" అన్నాను.

"గట్లయితె గది నేనే. గా సారు పాలు పట్టుకుంట 'వాహ్, మస్తు చిక్కగున్నయ్' అన్నడు. బర్లకు దిష్టి తాకదా? నువ్వు సంతకం పెడుతుంటే సీసల ఇంత ఉప్పేసిన. ఏంది, గట్ల చూస్తవ్? అండ్ల తప్పేమున్నది?"

కావున ఒకటి, మూడు, నాలుగు అనుమానములు వాపసు తీసుకొనుచున్నాను. రెండవది తీసుకోను. మళ్ళీ పాలు పట్టించండి. మంటలో కాల్చినా మెరుపులో కాల్చినా నాకు అభ్యంతరము లేదు. వచ్చే సారు మాత్రం మా ఆవిడ ఎదుట ఆ పాలను మెచ్చుకోరాదని హుకుం ఇప్పించవలెను.